నోరు మెదపని అమ్మాయిలు

“ఏడు పూలు పట్టుకొచ్చిన మనిషికే కోడ్ చెప్పు. ఇంకెవరికీ వద్దు.”

మందుల షాపు వెనకగదిలో ఉద్యమం చీఫ్ యల్మారి సైమికి ఇచ్చిన బ్రీఫింగ్ అంతే.

రష్యా ఏలుబడిలోని హెల్సింకిలో జార్ పోలీసులు పత్రికలన్నీ మూయించిన వేసవి అది. స్టాక్‌హోమ్ నుంచి దొంగచాటుగా ఒక అచ్చుయంత్రం వస్తోంది. పడవ నడిపేది ఏజెంట్ సైమి తమ్ముడు ఒస్సి. దొరికితే సైబీరియాయే. అతణ్ణి ఏ రేవులో అందుకోవాలో జాలరులకు కబురు చేరాలి.

కబురు బొమ్మల గ్యాలరీలోనే, ఒక చిత్రంగా అందరి కళ్లెదుటే వేలాడుతోంది. సరస్సు ఒడ్డున బిర్చి చెట్ల నీడలో ముగ్గురమ్మాయిలు. పావడాలు నీలం, పసుపు, బూడిద. ముగ్గురివీ మూసిన పెదాలు. ఉదయం, మధ్యాహ్నం, సంధ్య అని చిత్రకారుడు చెబితే సెన్సారు అధికారి తలూపి ముద్ర వేశాడు. పూలున్నది నీలం పావడా అమ్మాయి చేతిలో. నీలం అంటే తూర్పు రేవు. ఆ సంగతి కాపలామనిషి వేషంలో ఉన్న సైమికే తెలుసు.

నడివేసవి పండగ సాయంత్రం బారనెస్ జినాయిదా వచ్చింది. ఉద్యమానికి అండ అని పేరున్న రష్యా దొరసాని, అందగత్తె. చేతిలో ఏడు పూలు.

సైమి ప్రాణం కుదుటపడింది. “నీలం అంటే...” అని మొదలుపెట్టింది.

“చెప్పు సైమీ, తోటంతా తిరిగి నేనే ఏరాను,” అంది బారనెస్ ముద్దుగా.

సైమి నాలుక ఆగింది. కాబోయేవాడు కలలోకి రావాలని ఈ సాయంత్రం ఏడు పూలు ఏరిన ఆడది వాటిని దిండు కింద పెట్టుకుని నిద్రపోయేదాకా నోరు విప్పదు. విప్పితే అవి వట్టి గడ్డి. చీఫ్ ఈ మాట చెప్పనే లేదు. ఇక్కడ పుట్టినవాళ్లకు ఎవరు చెబుతారు?

“...పడమటి రేవు,” అని ముగించింది సైమి.

బారనెస్ వెళ్లిన కాసేపటికి ఒక జాలరామె వచ్చింది. గుమ్మంలో పోలీసు పేరడిగాడు, కసిరాడు, భుజం పట్టి ఊపాడు. ఆమె పూలు చూపించి ఊరుకుంది.

సైమి ఆమె చెవిలో ఒక్క మాట వేసింది. ఆమె తలూపింది.

మర్నాడు పోలీసు కెప్టెన్ పడమటి రేవు బురద బూట్లతోనే, ఒట్టి చేతులతో గ్యాలరీకి వచ్చాడు. వెనక బారనెస్.

“అమ్మగారు బొమ్మకు అర్థం అడిగారు, నాకు తోచింది చెప్పాను,” అంది సైమి. “తప్పు చెబితే ఏ చట్టం కింద పట్టుకుపోతారు, దొరా?”

కెప్టెన్ గుమ్మం వైపు తిరిగాడు. బారనెస్ గొంతు తగ్గించి అడిగింది. “నేనెక్కడ దొరికాను?”

సైమి బొమ్మ అద్దం తుడుస్తూ, ముగ్గురమ్మాయిల పెదాల మీదా గుడ్డ కాస్త నెమ్మదిగా నడిపింది. పండగ అయిపోయినా తను మాత్రం నోరు విప్పలేదు.