తడిచెత్తలో దొరికిన పుస్తకం

ఛాయాదేవికి భర్త మీద ఫిర్యాదులు రెండే.

ఒకటి: ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురంలో గంగాధరరావు ఒక్కసారి కూడా "తప్పు నాది" అనలేదు. వరంగల్ వెళ్లాల్సిన మనిషి నిజామాబాద్‌లో దిగి, రైలే పొరపాటు పడిందన్నాడు. రెండు: ఇంట్లో చెత్తబుట్ట ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు. హబ్సిగూడ పరిశోధనశాలలో సైంటిస్టుగా రిటైరయిన మెదడుకి సింకు కింద ఏముందో మాత్రం అంతుపట్టలేదు.

మూడోది కూడా ఉంది గానీ, అది వంకాయ కూరకి సంబంధించింది.

ఆదివారం. ఉదయం 7:10. నాచారం, మందార రెసిడెన్సీ.

ఇంటర్‌కమ్ మోగింది. వాచ్‌మన్ హన్మయ్య.

"అమ్మా, జర కిందికి రాండ్రి. మస్తు గలీజుగున్నది. గానీ మీరే సూడాలె."

ఆ అపార్ట్‌మెంట్‌లో ఏం పోయినా, ఏం దొరికినా ఛాయాదేవిని పిలవడం ఆనవాయితీ. లిఫ్టులో గుట్కా ఉమ్మే పెద్దమనిషిని మూడు రోజుల్లో పట్టింది ఆమే. పాల ప్యాకెట్ల కేసుకి ఒక్క పూటే పట్టింది.

సెల్లార్‌లో ఆకుపచ్చ డ్రమ్ము. తడిచెత్త. మల్లాపూర్ ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే గాలికే ముక్కు మూసుకునే ఛాయాదేవి, ఈసారి కొంగు రెండు మడతలు పెట్టింది.

రొయ్యల పొట్టు. పులిసిన ఇడ్లీ పిండి. ఎవరిదో డైపర్. వీటి కింద నల్ల అట్ట. పుస్తకం.

హన్మయ్య కర్రతో పైకి లేపాడు. పేజీల్లోంచి చారు కారింది.



ఆ పుస్తకం ఆమెకు తెలుసు. అసోసియేషన్ లైబ్రరీలో కొత్తగా పెట్టిన కామిక్స్ అరలోది. మూడో అంతస్తు ధనశ్రీ, బోడుప్పల్ పిల్ల, ఆఫీసులో యానిమేషన్ చేస్తుంది. జీతంలోంచి మిగిల్చుకుని పంతొమ్మిది గ్రాఫిక్ నవలలు కొని, శనివారం మధ్యాహ్నమే లైబ్రరీకి ఇచ్చింది. ఇది వాటిలో ఒకటి. జపాన్ నుంచి వచ్చింది. పేజీకి ఒక్క బొమ్మ. కథలో మాట ఒక్కటీ లేదు.

"డ్రమ్ము ఆఖరిసారి ఎప్పుడు ఖాళీ చేశావు?"

"నిన్న సాయంత్రం ఆరింటికమ్మా. కడిగి పెట్టిన."

"తర్వాత ఎవరెవరు వేశారు?"

"ధనశ్రీ మేడం ఏడున్నరకు వచ్చింది. మీ ఇంటి సంచి వడ్డది. రొయ్యల పొట్టు ఎనిమిదింటికి. బుక్కు దాని కిందనే ఉండె."

ఛాయాదేవి రెండు పేర్లు రాసుకుంది. ధనశ్రీ. రొయ్యల వాళ్లు.

7:40కి అసోసియేషన్ ప్రెసిడెంటు విశ్వనాథం ప్రత్యక్షమయ్యాడు. రిటైర్డ్ హెడ్మాస్టరు. బొమ్మలుంటే అది పుస్తకమే కాదని ఆయన సిద్ధాంతం.

"కేసేముందమ్మా? కొత్త పుస్తకాలన్నీ కమిటీ తనిఖీ చేస్తుందని నిన్న ఆరున్నరకి గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను. ఏడున్నరకి ఆ అమ్మాయి డ్రమ్ము దగ్గరుంది. ఏదో చూడకూడని పుస్తకం. భయపడి తనే పడేసింది."

"మీరు తెరిచి చూశారా మాస్టారూ?"

"ఆ బొమ్మలు నేను తెరవడమా! సాయంత్రం ఐదింటికి మీటింగు. మిగతా పద్దెనిమిదీ ఉప్పల్‌లో పాత కాగితాలు కొనే రద్దీ కొట్టుకి. ఆ అమ్మాయి అందరి ముందూ క్షమాపణ చెప్పాలి."

అంటే గడువు సాయంత్రం ఐదు. ఈలోగా దొంగ దొరకకపోతే కామిక్స్ అర మొత్తం తూకానికి పోతుంది. పిల్ల పరువు తడిచెత్తకి పోతుంది.

ఛాయాదేవి చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని శవాన్ని ఇంటికి తెచ్చింది.

వంటింట్లో గంగాధరరావు కాఫీ గ్లాసుతో నిలబడ్డాడు. చూసి, ముక్కు మూసుకున్నాడు.

"ఛీ! ఆ దరిద్రాన్ని ఇంట్లోకెందుకు తెచ్చావు? కన్నతండ్రిని బతికుండగా పూడ్చిపెట్టే కథ. చెత్త చెత్తలోకి పోయింది. నీకేం?"

"ధనశ్రీ పడేసిందంటున్నారు. మీరు కాస్త పక్కకి జరగండి."

పుస్తకాన్ని పాత పళ్లెంలో పెట్టి, డాబా మీద ఎండకి పెట్టింది. పళ్లేన్ని ఇక వాడకూడదని అప్పుడే నిర్ణయించుకుంది.

9:30. లైబ్రరీ గది. గంగాధరరావే లైబ్రేరియన్.

కామిక్స్ అర మీద ధనశ్రీ చేత్తో రాసిన కాగితం. 'చదవదగినవి.' ఒక్కో పుస్తకానికి ఒక్కో ముక్క. 'దయ్యం కథ: దయ్యానికే భయమెక్కువ.' 'చేనేత ఆవిడ జీవితం: రంగులు చూసి చీర కొనబుద్ధవుతుంది.' 'హత్యకేసు: వంటమనిషిని అనుమానించకండి.' 'అంతరిక్షం: ఖాళీ కడుపుతో చదవద్దు.' ఛాయాదేవి అప్పటికప్పుడు హత్యకేసు అందుకుని పదకొండు పేజీలు చదివేసింది. వంటమనిషినే అనుమానించింది.

"శనివారం ఈ గది తీసింది ఎప్పుడు?" భర్తనడిగింది.

"ఐదు నుంచి ఏడు. నేనే ఉన్నాను."

"ఎవరొచ్చారు?"

"విశ్వనాథం గారు. పేపరు చూసి పది నిమిషాల్లో వెళ్లారు. రిజిస్టర్ చూసుకో. కొత్తవి ఎవరూ తీసుకోలేదు."

"మీరేం చేశారు?"

"నీ మైదా జిగురుతో ఇష్యూ స్లిప్పులు అంటించాను. అట్ట తెరవగానే ఎడమవైపు, నాలుగంచులూ. లైబ్రేరియన్ అయినప్పటి నుంచీ అదే అలవాటు."

"పుస్తకాలు చదివారా?"

"బొమ్మల పుస్తకాలు నేను తెరవను. స్లిప్పు అంటిస్తాను, అంతే."

10:15. ధనశ్రీ. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆంటీ, మీరు గూడ నేనే పడేసిన్ననుకుంటున్నారా?"

"ఏడున్నరకి డ్రమ్ము దగ్గర ఎందుకున్నావు?"

"ఉల్లిపొట్టు పడేయనీకి! నా చెత్త నేను పడేసుకోవద్దా?"

"ఆ కథేంటి?"

ధనశ్రీ ముఖం ఒక్క క్షణం వెలిగింది. "కొడుకు ఈలేసుకుంట ఇంటికొస్తుంటడు ఆంటీ. కొండ విరిగి ఇల్లు మట్టి కిందికి పోతది. తండ్రి లోపల్నే. కొడుకు వట్టి చేతులతోని తవ్వుతడు. చేతులు నెత్తురైతయి. ఆఖర్ల తండ్రిని బయటికి గుంజుతడు. ఇద్దరు కూసోని చాయ తాగుతరు. నేనైతే మస్తు ఏడ్సిన."

ఛాయాదేవి పెన్ను ఆగిపోయింది.

తవ్వి తీశాడా? పూడ్చిపెట్టాడా?

3:15. డాబా. పుస్తకం సగం ఎండింది. కంపు మాత్రం ఎండలేదు. ఛాయాదేవి రెండు వేళ్లతో అట్ట తెరిచింది.

చారునీళ్లకి మైదా జిగురు వదిలింది. ఇష్యూ స్లిప్పు చేతికి ఊడొచ్చింది. దాని మీద ఒక్క తేదీ కూడా లేదు. దాని కింద, అచ్చులో, ఒక బాణం గుర్తు. ఇంగ్లీషులో ఒక హెచ్చరిక.

'ఆగండి! ఇది చివరి పేజీ. ఈ పుస్తకాన్ని కుడివైపు నుంచి మొదలుపెట్టాలి.'

ఆమె ఎడమ నుంచి ఒక్కో బొమ్మా తిప్పింది. తండ్రీకొడుకులు టీ తాగుతున్నారు. కొడుకు తండ్రిని గుంటలోకి దించుతున్నాడు. గుంట పూడుతోంది. నేల సమానమైంది. ఆఖరి బొమ్మలో కొడుకు ఈలేసుకుంటూ పోతున్నాడు.

ఒళ్లు జలదరించింది.

కుడి నుంచి తిప్పింది. కళ్లు తడిశాయి.

తర్వాత హన్మయ్య మాట గుర్తొచ్చింది. మీ ఇంటి సంచి వడ్డది.

శనివారం చెత్త సంచి ఆమె దింపలేదు. 7:20కి సింకు కింద బుట్ట ఖాళీగా ఉంది. కొత్త కవరు కూడా తొడిగి ఉంది. చూసి మురిసిపోయింది. రాత్రి భోజనంలో ఒక గారె ఎక్కువ వేసింది కూడా!

పొద్దుటి నుంచి ఊరందరి చెత్తా లెక్కపెట్టింది. తన ఇంటి చెత్తని లెక్కలోకి తీసుకోలేదు.

రొయ్యల పొట్టునీ, డైపర్‌నీ భరించిన ఆమెకి ఇప్పుడు నిజంగా అసహ్యం వేసింది. పుస్తకం పారేసినందుకు కాదు. పొద్దుటి నుంచి ఒక ఆడపిల్ల ఏడుస్తుంటే, ఆ మనిషి కాఫీ తాగాడు. పేపరు చదివాడు. మధ్యాహ్నం కునుకు కూడా తీశాడు.

4:40కి మెట్ల మీద ఒక అవకాశం ఇచ్చింది.

"ఏవండీ, మీటింగులో మీరేమైనా చెప్పాలా?"

"నేనేం చెప్తాను?"

"సరే, పదండి."

5:05. కమ్యూనిటీ హాలు. పాతిక మంది. ముందు వరుసలో ధనశ్రీ తలొంచుకుని ఉంది. విశ్వనాథం గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క నిమిషం మాస్టారూ," అంది ఛాయాదేవి. పళ్లెం బల్ల మీద పెట్టింది. ముందు వరుస మొత్తం వెనక్కి జరిగింది. "పుస్తకం చెడ్డదో మంచిదో తేల్చాలంటే కథ తెలియాలిగా. లైబ్రేరియన్ గారే బొమ్మలు చూపించి చెప్తారు."

గంగాధరరావు లేచాడు. కర్చీఫు ముక్కుకి కట్టుకున్నాడు. చెయ్యి తనంతట తనే ఎడమ అట్ట తీసింది. ఊడిన చోట అచ్చైన ముక్కవైపు చూడలేదు. గబగబా పేజీలు తిప్పాడు.

"ఇదిగో, టీ తాగుతున్నారు. ఇప్పుడే దించుతాడు చూడండి. మట్టి కప్పుతాడు. నలభై పేజీలు కప్పుతూనే ఉంటాడు! ఆఖర్న వెధవ ఈలేసుకుంటూ..."

ఆగాడు.



"తర్వాత ఏం వస్తుందో తిప్పకముందే చెప్తున్నారు," అంది ఛాయాదేవి. "బొమ్మల పుస్తకాలు తెరవనన్నారు."

"అది... ఎవరో చెప్పగా..."

"ఎవరు? విశ్వనాథం గారు తెరవలేదు. రిజిస్టర్‌లో పేరు లేదు. స్లిప్పు మీద తేదీ లేదు. ధనశ్రీకి తెలిసిన కథ వేరు. ఈ పుస్తకాన్ని ఎడమ నుంచి చదివినవాడికే కొడుకు హంతకుడు. ఎడమ నుంచి మొదలుపెట్టకండని ఇక్కడ అచ్చు వేశారు. దాని మీద స్లిప్పు అంటించింది ఎవరు? నిన్న ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి మన చెత్త దింపింది ఎవరు?"

వెనక నుంచి హన్మయ్య అన్నాడు. "సారేనమ్మా. పొద్దున చెప్తినిగా, మీ ఇంటి సంచని. మీరే రాసుకోలె."

ఛాయాదేవి ఆ దెబ్బ తిని, ముందు వరుస వైపు తిరిగింది.

"ధనశ్రీ, నువ్వు తిప్పమ్మా. కుడి నుంచి."

ధనశ్రీ లేచింది. కంపుని లెక్కచేయలేదు. వట్టి చేత్తో పట్టుకుని, ఒక్కో పేజీ తిప్పింది. ఈలేసుకుంటూ కొడుకు. విరిగిన కొండ. మట్టి. చేతులు. మట్టి. నెత్తురు. మట్టిలోంచి ఒక ముసలి వేలు.

వెనక వరుసలు ముందుకొచ్చాయి. విశ్వనాథం కళ్లజోడు పెట్టుకుని మరీ వంగాడు.

"వేలు కదిలింది కదా?" అన్నాడు ఎవరితోనో.

టీ గ్లాసుల దగ్గర పుస్తకం అయిపోయింది.

గంగాధరరావు ముక్కు మీది కర్చీఫు విప్పాడు. మడత పెట్టాడు. మళ్లీ విప్పాడు. ధనశ్రీ చేతులకంటిన చారు మరకలు చూశాడు. కర్చీఫు ఆమెకి అందించాడు.

గోడ గడియారం 5:42.

"నిన్ను అంటుంటే విని ఊరుకున్నాను తల్లీ," అన్నాడు. ముందు వరుసకే వినిపించింది. దగ్గి, వెనక వరుసకి కూడా వినపడేలా మళ్లీ అన్నాడు.

"పారేసింది నేను. తప్పు నాది."