పత్రగిరిలో దారితప్పిన ద్వారాలు

మణిమంథ రాజ్యంలో ఆ ఏడు నీలిజ్వరం పుట్టింది. అది సోకినవాళ్ళు పెదవులు నీలంగా మారి, కన్ను తెరవకుండా పడి ఉండేవారు. దాని మందు అడవి నడుమ ఉన్న పత్రగిరి కోటలో, తాటాకు గ్రంథాల్లో ఉందని ఆస్థాన వైద్యుడు చెప్పాడు. రాజు మహీధరవర్మ ముగ్గురు వీరులను పంపాడు. ఒక్కడూ తిరిగి రాలేదు.

అప్పుడు వకుళ రాజు ఎదుట నిలబడింది. తాటాకులకు దారం గుచ్చి గ్రంథాలు కట్టే చెన్నప్ప కూతురామె. చెన్నప్ప మూడు రోజులుగా జ్వరంతో పలకడం లేదు.

"మహారాజా, నాకు కత్తి తిప్పడం రాదు. కాని ఏ ఆకు తర్వాత ఏ ఆకు రావాలో తెలుసు. నన్ను పోనివ్వండి," అన్నది వకుళ.

ఏడు రోజులు కారడవిలో నడిచి, కాళ్ళు చీరుకుపోయినా ఆగకుండా ఆమె పత్రగిరి చేరింది. వాకిట్లో ఏనుగంత భూతం కూర్చుని ఉంది. దాని పక్కన రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కొక్క రాతి మీద ఒక్కొక్క ఆజ్ఞ చెక్కి ఉంది.

"ఏం కావాలి పిల్లా?" అని గర్జించింది భూతం.

"నీలిజ్వరానికి మందు."

భూతం పైరాయి చదివి, ఆమెను ఎత్తి ఒక గదిలో దించింది. అక్కడ స్వాగత పద్యాలు తప్ప మరేమీ లేవు. గోడవారగా ముగ్గురు వీరులు దిగాలుగా కూర్చుని ఉన్నారు.

"ఎన్నిసార్లు వాకిటికి పోయి అడిగినా ఇక్కడికే పంపుతోందమ్మా! ఉత్తచేతులతో ఇంటికెలా పోతాం?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

వకుళ వీరులతో కలిసి వాకిటికి వచ్చి రాళ్ళు చదివింది. పైరాతి మీద "ఎవరు ఏది అడిగినా మొదటి గదికి పంపు" అని ఉంది. "వైద్యం అడిగితే వైద్య గదులకు పంపు" అన్నది దాని కింద ఉంది.

"భూతరాజా, కింది ఆజ్ఞ చదవవా?"

"పైది సరిపోయాక కిందికి చూసే అధికారం నాకు లేదు. ఈ పైరాయి ఒకప్పుడు అట్టడుగున ఉండేది. కరాళుడనే మాంత్రికుడు కక్షకొద్దీ పైకెక్కించి పోయాడు. నేను ముట్టుకుంటే బూడిదవుతాను. పగలగొట్టు!"

"వద్దు. ఇక్కడ లేనిది అడిగే వాళ్ళకూ ఒక చోటు చూపాలి కదా! దాన్ని కిందికి దించుదాం," అన్నది వకుళ.

వీరులు పక్కన సిద్ధంగా నిలబడ్డారు. వకుళ పైరాయి పట్టుకోగానే అది నిప్పులా కాలింది. అరచేతులు బొబ్బలెక్కినా వదలక పైనుంచి దించి, వీరులు మిగతా రాళ్ళు ఎత్తి పట్టుకోగా దాన్ని అడుగుకు తోసింది.

ఈసారి భూతం ఆమెను నీలిజ్వర గ్రంథం మొదలయ్యే గదికి పంపింది. అక్కడ పది ఆకులున్నాయి. గ్రంథంలో మొత్తం నలభై మూడు ఆకులని మొదటి ఆకు మీద రాసి ఉంది. తర్వాతి గదికి పోయే తలుపు మీద, అడిగిన గదిని తెరిచే చిలుక ఒకటి ఉంది.

"రెండో గది తెరువు," అన్నది వకుళ. తలుపు తెరుచుకుంది. లోపల ఏనుగులను మచ్చిక చేసే విద్య గురించిన గ్రంథం!

"ఏ గ్రంథమో చెప్పలేదుగా! మాంత్రికుడు మా చిలుకల జ్ఞాపకమంతా దోచుకుపోయాడు," అన్నది చిలుక దీనంగా.

వకుళ వెనక్కి వచ్చి, "నీలిజ్వర గ్రంథం, రెండో గది," అన్నది. సరైన గది తెరుచుకుంది. చదివేవారు ముందుకు పోయేటప్పుడల్లా గ్రంథం పేరూ గది సంఖ్యా కలిపి ముందు తలుపు మీది చిలుకకు అరిచి చెప్పాలని, దారిలో ఉన్న ప్రతి చిలుకకూ ఆమె ఓపికగా నేర్పింది.

అలా ఒక్కో గదిలో పదేసి ఆకులు చదువుతూ పోగా, అయిదో గదిలో మూడే ఆకులున్నాయి. చివరి ఆకులో మందు చేసే విధానం ఉంది! అంతలో ఇంకో తలుపు బంగారు కాంతితో తెరుచుకుని, "అసలు మందు ఆరో గదిలో ఉంది, రా!" అని పిలిచింది.

వకుళ అడుగు ఎత్తి ఆగింది. "నాలుగు గదుల్లో నలభై, ఇక్కడ మూడు. గ్రంథం అయిపోయింది. లేని గదికి తలుపెందుకు?" అంటూ కింద పడి ఉన్న ఒక రాయి తీసి ఆ తలుపులోకి విసిరింది. అది కింద పడిన చప్పుడు ఎంతసేపటికీ వినిపించలేదు. ఆమె తలుపు మూసి గడియ పెట్టింది. మరుక్షణం అక్కడ గోడ తప్ప తలుపు లేదు.

భూతం నలుగురినీ భుజాల మీద మోసి రాజధానిలో దించింది. వకుళ చదివి వచ్చిన ప్రకారం ఆస్థాన వైద్యుడు చేసిన మందు ఇంటింటికీ చేరింది. చెన్నప్ప కళ్ళు తెరిచి, "నీ చేతులకేమైందే తల్లీ?" అన్నాడు. అడవిలో ఒక్క కన్నీటిబొట్టు రాల్చని వకుళ అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.

రాజు ఆమెను పత్రగిరికి పాలకురాలిని చేశాడు. ఆమె ఏలుబడిలో రాజు వచ్చినా, గొర్రెల కాపరి వచ్చినా, అడిగిన ఆకు చేతికందకుండా ఎవరూ వెనుదిరగలేదు.