చొక్కాలోపలి డబ్బా

ల్యాబ్ కిటికీ తెరుచుకోగానే మునిరాజ్ చెయ్యి చొక్కాలోపలే ఆగిపోయింది.

కిటికీ అవతల మేనక. ఆకుపచ్చ టోపీ కింద అవే కళ్ళు. ఆరు నెలల కిందట బొమ్మిడిలో పెళ్ళిచూపులప్పుడు చూసినవి. ఎంబ్రియాలజిస్ట్ అంటే బిడ్డలు లేనివాళ్ళకు ల్యాబ్‌లో పిండాన్ని పెంచే ఉద్యోగమని విని, అమ్మ సాకమ్మ ఆ రోజే తేల్చేసింది: "మొగోళ్ళ శాంపిళ్ళు ముట్టే పిల్ల మనకొద్దు." మునిరాజ్‌కు పిల్ల నచ్చింది. అయినా తను నోట్లో బజ్జీ పెట్టుకుని ఊరుకున్నాడు.

ఇప్పుడు ఒంటివేడి తగ్గకుండా దాచి తెచ్చిన చిన్న శాంపిల్ డబ్బాను ఆమె ముందు పెట్టాడు.

"పేరు?"

"నంజప్ప."

"భార్య?"

"కలైవాణి."

"పెళ్ళయిపోయిందా? సంతోషం. ఆరు నెలలు కూడా కాలేదు, అప్పుడే టెస్టుకు వచ్చినారే. పేరు కూడా మార్చుకున్నారు."

మునిరాజ్ చెవులు కాలిపోయాయి. డబ్బా తనది కాదు, అన్న నంజప్పది. వదిన ఆరేళ్ళుగా మందులు మింగుతోంది, అమ్మ మాటలూ మింగుతోంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్న అన్న, మూడంగళ్ళ అవతల టీకొట్టులో తలమీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు.

మేనక డబ్బాతో ఇచ్చిన ఆధార్ కార్డులో ఫోటో చూసింది. "మీసం ఎప్పుడు తీసేసినారు?"

మునిరాజ్ ఉత్త పైపెదవి తడుముకున్నాడు.

"చూడండి, ఇక్కడ డబ్బాలన్నీ ఒకే మాదిరి ఉంటాయి. పేరు తప్పితే ఒకరి లోపం ఇంకొకరి నెత్తిన పడుతుంది. పేరుగల మనిషే వచ్చి నోరు తెరిచి చెప్పాల. లేదంటే నేను ముట్టను. గంట దాటితే ఇది పనికిరాదు. ఇంకా ఇరవై నిమిషాలుంది."

మునిరాజ్ టీకొట్టుకు పరుగెత్తాడు.

"నేను రాను. అమ్మకు తెలిస్తే తలెత్తుకోలేను," అన్నాడు నంజప్ప.

"ఆరేళ్ళుగా వదిన తలెత్తుకుందా అన్నా? పెళ్ళిచూపుల పొద్దు సిగ్గుపడి నేను నోరు మూసుకున్నాను. పిల్ల పోయింది. నీకు ఎవరు పోవాలని కూర్చున్నావు?"

నంజప్ప టీగ్లాసు కింద పెట్టాడు.

కిటికీ దగ్గర గొణుక్కున్నట్టు పేరు చెప్పాడు. వినిపించలేదంది మేనక. తువ్వాలు తీసి మళ్ళీ చెప్పాడు. భార్య పేరు మాత్రం గట్టిగానే చెప్పాడు. మేనక రాసుకుంది, పక్కనున్న ల్యాబ్ అమ్మాయి చిత్ర మరోసారి సరిచూసింది, డబ్బా లోపలికి వెళ్ళింది. అన్న వెనక్కి చూడకుండా బయటికి నడిచాడు.

మునిరాజ్ మిగిలాడు.

"ఆ పొద్దే చెప్పి ఉండాల్సింది," అన్నాడు నేల చూస్తూ.

"ఏమని?"

"నచ్చినావని."

మేనక కొత్త గ్లవ్స్ తొడుక్కుంది. చాలాసేపు తొడుక్కుంది.

"కిటికీలో నాకు చెప్తే ఏం లాభం? ఆదివారం మీ అమ్మను పిలుచుకుని రండి. ఆమె ముందర చెప్పండి. అన్నతో చెప్పి పంపితే తీసుకోను."

"బజ్జీ ఉంటుందా?"

"చెప్పినాకనే," అని కిటికీ మూసేసింది.