ముత్యం ఊరేగింపుకు వెళ్లని రోజు

ఆ సోమవారం నేను చేయాల్సిన పనులు: రెండు గేదెలకు చూడి పరీక్ష, గొర్రెలకు టీకాలు, నెలవారీ రిపోర్టు, నాన్నకు కళ్లజోడు. అందులో గుర్రం ఊసే లేదు.

మండపేటలో పశువుల డాక్టరుగా చేరి అప్పటికి మూడు నెలలు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. పిలిస్తే వెళ్లకుండా ఉండటం నాకు చేతకాదు.

ఆ రోజు గంగరాజు గారి ఇంటి నుంచి కబురొచ్చింది. వాళ్ల ముత్యం పెళ్లి ఊరేగింపుల గుర్రం. నేను వెళ్లేసరికి ఆయన కూతురు హారతి దాన్ని పగ్గం పట్టి నడిపిస్తోంది. ముత్యం ఒళ్లంతా చెమట. వెనక కాళ్లు బిగుసుకుపోయి, అడుగడుగుకీ వణుకుతోంది.

"ఆపండి! ఒక్క అడుగు కూడా వేయించొద్దు!"

"కడుపునొప్పండి, నడిపిస్తే తగ్గుద్ది. గేదెల డాక్టరుగారు గుర్రాల గురించి చెప్తారేంటండి?"

"గేదెలే ఎక్కువ చూశానండి, నిజమే. కానీ చెయ్యి ఇక్కడ పెట్టి చూడండి."

తుంటి మీద నా చేతి పక్కనే ఆమె చెయ్యి పెట్టింది. కండ రాయిలా ఉంది. ఇద్దరం చేతులు తీయడం మర్చిపోయాం. అంతలో ముత్యం మూత్రం పోసింది. కాఫీ డికాషన్ రంగు.

హారతి ముఖం పాలిపోయింది.

"కడుపు కాదండి, కండరాలు దెబ్బతిన్నాయి. వాటిలోంచి వచ్చే ఈ రంగు కిడ్నీలను పాడుచేస్తుంది. ప్రాణానికే ప్రమాదం. దాణా ఏం పెట్టారు?"

"మొన్నటిదాకా మూఢం కదండీ, రెండు నెలలు పెళ్లిళ్లు లేవు. ఖాళీగా ఉంది, పాపమని ఉలవలు, తవుడు దండిగా పెట్టాం. సాయంత్రం ఊరేగింపు ఉందని పొద్దున్నే పరిగెత్తించాను."

"పని లేనప్పుడు దాణా తగ్గించాలి. ప్రేమగానే చేశారు, కానీ తప్పు."

"కాస్త మెత్తగా చెప్పొచ్చు కదండీ!"

"మెత్తగా చెప్తే మళ్లీ పెడతారు."

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. కోపమో, ఏడుపో తెలియలేదు.

గంగరాజు గారు పరుగున వచ్చారు. "ఉదయభాస్కర్ గారూ, ఓ ఇంజక్షన్ చేసి నిలబెట్టండి. రామచంద్రపురం వాళ్లకి మాటిచ్చేశాం."

నేను నోరు తెరిచేలోపే హారతి ఫోన్ తీసి పెళ్లివారికి చేసింది. "పెళ్లికొడుకుని కారెక్కించండి బాబాయ్ గారూ. ముత్యం రాదు."

"పరువు పోద్దే!"

"పోతే మళ్లీ తెచ్చుకుందాం నాన్నా. ముత్యాన్ని ఎక్కణ్ణించి తెస్తాం?"

సెలైన్ పెట్టాను. నొప్పికి ఇంజక్షన్ ఇచ్చాను. మూడో రోజుకి మూత్రం తేటపడింది. గింజలు మాన్పించి గడ్డి మాత్రమే పెట్టించాను. కండ మెత్తబడ్డాక, మొదట అయిదు నిమిషాలు, తర్వాత పది, అలా నెల రోజులు మెల్లగా నడిపించాం. ఇద్దరమూ.

"బాగైంది కదా డాక్టరుగారూ, ఇంకా రోజూ రావాలాండీ?"

"ముత్యం కోసమైతే అక్కర్లేదు. మీకిష్టమైతే మా నాన్నను మీ ఇంటికి పంపిస్తాను."

హారతి పగ్గం వేలికి చుట్టుకుంది. "ఆ డాక్టరు చూసేది గుర్రాన్నా, నిన్నా అని మా నాన్న మొన్ననే అడిగారు."

"మీరేమన్నారు?"

"రెండూ అన్నాను."

మా పెళ్లికి గంగరాజు గారు సంతోషంగా ఒప్పుకున్నారు. ముత్యం ఇప్పటికీ ఊరేగింపులకు వెళ్తోంది. అందరూ నన్నే మెచ్చుకుంటారు. నేను చేసింది వైద్యం మాత్రమే. నా పేరు మర్చిపోయినా ఫర్వాలేదు. ఇచ్చిన మాట కంటే మూగజీవి ప్రాణం ముఖ్యమని ఫోన్ తీసిన హారతిని మాత్రం గుర్తుంచుకోండి.