హద్దుదీపం

2079 నాటికి భైరవలంక రేవులో చేపలు కొనేవాళ్ళు మొప్పలెత్తి చూడటం మానేశారు. ఊదారంగు దీపం వేసి చూస్తున్నారు.

సముద్రపు బావుల నుంచి కారే చమురును తినడానికి అక్కడ పదేళ్ళుగా నానోరేణువులు చల్లుతున్నారు. మామూలు మైక్రోస్కోపుకు కూడా అందనంత చిన్నవి. పని ముగించాక అవి ఎక్కడికి పోతున్నాయో తెలియాలని, నియంత్రణ మండలి శాస్త్రవేత్త మృణాళిని ప్రతి రేణువుకూ ఒక సాక్షి అణువును తగిలించింది. రేణువులు మండలి పెట్టిన హద్దు దాటి పేరుకున్న చోట ఆ అణువు దీపం కింద పచ్చగా వెలుగుతుంది. జనం ఆ దీపాన్ని హద్దుదీపం అన్నారు.

మొదట పీతలు వెలిగాయి. తర్వాత రొయ్యలు. సరుకు అమ్ముడుపోక రేవు జనమంతా మండలి ఆఫీసు ముందు బైఠాయించారు. రేణువులు చల్లడం ఆపేద్దామని మృణాళిని అంటే, చమురు తెట్టు కడితే వలలే వెయ్యలేమన్నారు. వాళ్ళు ఆపమన్నది దీపాన్ని.

ఆ వారంలోనే, చేపలు ఎండబెట్టే నూకరత్నం నాలుగు నెలల కూతుర్ని ఎత్తుకుని ల్యాబ్‌కు వచ్చింది. పిల్ల దీపాన్ని చూసి నవ్వింది. చిగుళ్ళు పచ్చగా వెలిగాయి. నూకరత్నం పక్కకు తిరిగి, అరచేతిలోకి రెండు చుక్కల పాలు పిండి దీపం కింద పెట్టింది.

అవీ వెలిగాయి.

మృణాళిని రిపోర్టు రాసింది. మండలి అధ్యక్షుడు సుదర్శనం ఆసాంతం చదివి, వీటివల్ల ఎవరికైనా జబ్బు చేసినట్టు రుజువుందా అని అడిగాడు. తేలడానికి పదేళ్ళు పడుతుందంది.

"అయితే పదేళ్ళూ జనాన్ని భయపెడుతూ కూర్చుందామా?" అన్నాడాయన.

హద్దును వంద రెట్లు పెంచారు. దీపాలను కొత్త హద్దుకు సవరించే పని మృణాళినికే పడింది. రాజీనామా రాసుకుంది కానీ ఇవ్వలేదు. తను కాకపోతే ఇంకొకరు చేస్తారని సర్దిచెప్పుకుంది.

సవరించిన రోజు మధ్యాహ్నానికల్లా రేవులో అమ్ముడుపోకుండా ఒక్క పీత మిగల్లేదు.

మర్నాడు నూకరత్నం మళ్ళీ వచ్చింది. పిల్ల మీద దీపం పడింది. ఎక్కడా వెలుగు లేదు.

"తగ్గిపోయిందాండి, డాక్టరమ్మగారూ?"

మృణాళిని నిజం చెప్పబోయింది. నూకరత్నం చెయ్యి అడ్డుపెట్టింది.

"దీపాలు మార్చారని రేవంతటికీ తెలుసండి. మీ నోటితో తగ్గిందనండి, చాలు. నా పాలు మాన్పించాక పిల్ల ఆకలికి ఆగట్లేదు."

మృణాళిని పిల్లకేసి చూసింది.

"తగ్గింది" అంది.

నూకరత్నం అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని పిల్లకు తన పాలు పట్టింది.