మూడో గుంతలో కంచు కొక్కెం

మా తవ్వకం మార్టూరు దాటాక ఒక మిరపచేలో. దొరికిన ఎముకలన్నీ అట్టపెట్టెల్లో సర్ది, రైతు ఇచ్చిన రేకుల షెడ్డులో దాచాం. షెడ్డు ముందు నీడలో కోటిరత్నం కూర్చుని ఎండుమిరపకాయలకు తొడాలు తీస్తుంటుంది. ఏడు నెలలుగా పొద్దున్నే "టీ తాగారా సార్" అని పలకరించేది ఆవిడే.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. నాది బాగానే అతికింది. మూడో గుంతలో పదమూడు వందల ఏళ్ళనాటి ఆడమనిషి అస్థిపంజరం బయటపడింది. ఒంటిమీద ఏమీ లేదు. పక్క గుంతలో విడిగా దొరికిన కంచు కొక్కెం, ఎక్కడో ఉత్తరాది నడికట్టుది, తెచ్చి ఆమె నడుము మీద పెట్టి ఫొటో తీశాను. వీళ్ళు బయటినుంచి వచ్చిన జాతి అని వ్యాసం రాశాను. పేపర్లో నా బొమ్మ వేశారు.

ఆ చేలోని పాత శ్మశానం తమ పెద్దలదేనని కోటిరత్నం వాళ్ళ కాలనీ ఎప్పటినుంచో అంటోంది. ఇప్పుడు అధికారులు నా వ్యాసం చూపించి, మీవాళ్ళు కాదుగా అని, చదును చేయడానికి రేపు మిషన్లు తెస్తున్నారు. తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం నా జేబులోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోతున్నా సంతకానికి మాత్రం చెయ్యి రాలేదు.

"సచ్చినోళ్ళు వాళ్ళంతట వాళ్ళు కట్టుకోరు కదండీ," అంది కోటిరత్నం ఆ మిట్టమధ్యాహ్నం, తలెత్తకుండానే. "బతికున్నోళ్ళు ఏం పెడితే అదే."

విననట్టు లోపలికి పోయి, ఆ అస్థిపంజరం, కొక్కెం ఉన్న మూడో పెట్టె మూత తీశాను. రేకుల వేడి, మిరపఘాటు. బయట తొడాలు తుంచే చప్పుడు ఆగిపోయింది... తడిమట్టి వాసన వేసింది. ఈ ఎండల్లో తడి ఎక్కడిది?

"ఎవరిదిది?"

చెవి పక్కనే ఆడగొంతు. మెల్లగా.

వెనక్కి తిరగలేకపోయాను. ఒక్క మాట చాలు... నిజం. నోటిదాకా వచ్చింది.

"నీదే," అన్నాను.

నేనెంత నీచుణ్ణో నాకప్పుడు తెలిసింది.

"అట్టాగా," అంది. అచ్చం కోటిరత్నం వాళ్ళ యాసే.

మెడ వెనక చల్లటి వేళ్ళు. ఐడీ కార్డు తాడు తలమీదుగా జారిపోయింది. నడుము చుట్టూ ఏదో బిగిసింది... కొక్కెం టక్కుమని పడింది.

బయటికి పరుగెత్తాను. కోటిరత్నం తలెత్తి, నా ముఖంకేసి కాదు, నడుముకేసి చూసింది.

"ఎవరు కావాలండీ?" అంది. "మీది ఈ ఊరు కాదనుకుంటా. సారు లోపల ఏదో ఉత్తరం మీద సంతకం పెడుతున్నారు. పిలవమంటారా?"