అద్దానికి ఆవలి మాట

కన్ను లేకయె కనువాడు, కర్ణమింత
లేక వినువాడు, లోకాల లీల నడుపు
సర్వసాక్షియౌ హరి నేడు సంతసమున
వలచు వారికి నొకమాట వరమొసగుత!

ఆ సినిమా హాలు పాతది. తెర ఒక్కటే. దాన్ని నడిపేవారు ముగ్గురే: యజమాని, ఆయన మేనకోడలు, ఆపరేటరు.

మేనకోడలు టికెట్లు అమ్మేది. ఆమె కూర్చునే గదికీ హాలుకీ నడుమ పలుచని గోడ. ఆ గోడ దాటి సినిమా యావత్తూ వినవచ్చేది. కానవచ్చేది మాత్రం కాదు. ఆపరేటరుది బాల్కనీ చివరి వరుస వెనుక ఉన్న ప్రొజెక్టరు గది. చిన్న అద్దపు కిటికీలోనుండి అతనికి తెర మొత్తం కనబడేది. గదిలోని స్పీకరు ఏనాడో మూగబోయినందున యంత్రం రొద తప్ప మరేదీ వినబడేది కాదు.

అతడు కొత్తగా పనిలో చేరిన రోజులవి. టీ కోసం కిందికి దిగిన వేళ, టికెట్ల కిటికీ వద్ద ఒక పెద్దమనిషి నిలబడి అడుగుతున్నాడు.

"సినిమా ఎలా ఉందమ్మా?"

"వద్దులెండి బాబాయ్. హీరోకి పడిశం పట్టింది. మొదట్నుంచీ ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాడు."

ఆపరేటరు ఉలిక్కిపడ్డాడు. "పడిశమేంటండీ! వాళ్ళమ్మ పోయింది. పాపం ఏడుస్తున్నాడు."

"ఏడుపా? చిన్నప్పట్నుంచీ ఇక్కడ కూర్చుని ఏడుపులు వింటున్నాను. ఏది ఏడుపో నాకు తెలీదా?"

"మీరసలు సినిమా చూశారా?"

"మీరసలు విన్నారా?"

పెద్దమనిషి జేబులోంచి తీసిన చేతిని మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. "మీరిద్దరూ ముందు తేల్చుకోండి తల్లీ. నేను రేపొస్తా."

ఆ తేల్చుకోవడం ఎంతకూ ముగియలేదు. ఆటకూ ఆటకూ నడుమ బాల్కనీ మెట్లమీద టీ గ్లాసులతో కూర్చుని, ఆమె గొంతులు అందించేది, అతడు ముఖాలు అందించేవాడు. చిరిగిన వస్త్రపు రెండు పీలికలను కుట్టినట్లు సినిమాను అతికేవారు.

"పాత సినిమాల్లో తలుపు కూడా మర్యాదగా తెరుచుకుంటుందండీ. ఈ కొత్తవాటిలో గడియ తీస్తే చాలు, కొండ విరిగిపడ్డట్టు చప్పుడు!" అనేది ఆమె.

"వాడు మామూలుగానే తీస్తాడే!"

"అయితే గడియది తప్పు. సరేగానీ, కొత్తదాంట్లో ఆ అమ్మాయి ఒక్క ముక్కా మాట్లాడదేం?"

"తీరికెక్కడిది? జుట్టు ఎగురుతూ ఉంటే చూసుకుంటోంది."

"అంతసేపా?"

"గాలి ఆగలేదండీ."

యజమాని మావయ్య పైమెట్టు మీదనుండి తనవంతు కలిపేవాడు. "మీ సినిమాలు నయంరా అబ్బాయ్. మా ఇంట్లో మీ అత్తయ్య చూసే సీరియల్లో ఆ వియ్యపురాలు మెట్లు దిగడం మొదలుపెట్టి వారమైంది. కాలు ఇంకా నేలకి ఆనలేదు."

నవ్వుల నడుమ ఆమె ఒకనాడు అన్నది: "పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, పేర్ల దగ్గర్నుంచి శుభం దాకా, ఒక్క సినిమా చూడాలనుంది."

"ఎవరితో?"

"కళ్ళున్న వాళ్ళెవరితోనైనా!"

అది తీరే కోరిక కాదు. సినిమా ఆడుతున్నంతసేపూ అతడు యంత్రం వద్దా, ఆమె టికెట్ల గదిలోనూ ఉండవలసినవారే. ఒకే గొడుగు రెండు అంచులవలె, వారెప్పుడూ ఆ హాలులో కలుసుకొనేవారు కారు.

ఒక సాయంకాలం వాన రేకుల కప్పుమీద తాండవమాడింది. గోడ దాటి ఒక్క మాటా వినరాలేదు. ఆమె ఇంటర్‌కమ్ తీసింది.

"ఏమైంది? చెప్పండి త్వరగా!"

"ఏం లేదు. అమ్మాయి అబ్బాయిని చూస్తోంది."

"చూడ్డంలో ఎన్ని రకాలు లేవు! ఎలా చూస్తోంది?"

అతడు కిటికీలోనుండి తెరను మరొకమారు చూచాడు. "టీ గ్లాసు నా చేతికిచ్చి, వెంటనే చెయ్యి తియ్యకుండా మీరు తలెత్తి చూస్తారే... అలా."

"వాన ఎక్కువైందండీ. వినపళ్ళేదు," అన్నది ఆమె. వాన అప్పటికే వెలిసింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కాని కాలానికి తన రీలు తనది. పెద్ద నగరంలో అనేక తెరల కొత్త హాలు వెలసింది. అక్కడి వారు ఆపరేటరును రమ్మన్నారు. "మంచి అవకాశంరా అబ్బాయ్. ఈ పాత డొక్కులో ఉండి ఏం బాగుపడతావ్?" అని మావయ్యే స్వయంగా ముందుకు తోశాడు.

వెళ్ళవలసిన రోజు వచ్చింది. మనసులోని మాట ఎన్నిమార్లు నాలుక చివరికి వచ్చినా, పెదవి దాటే దారి తెలియక వెనుదిరిగింది. మధ్యాహ్నపు ఆట ముగిసి హాలు ఖాళీ అయినప్పుడు, మరచిపోయిన వస్తువులేమైనా ఉన్నాయేమో చూడడానికి ఆమె బాల్కనీలోకి వచ్చింది. చివరి వరుస వద్దకు చేరింది. అద్దానికి ఇవతల ఆమె, అవతల అతడు.

అప్పుడతనికి ఆ హాలులో పదేపదే ఆడే ఒక పాత నలుపుతెలుపుల చిత్రం గుర్తుకు వచ్చింది. కదలబోయే రైలులో, మూసిన కిటికీ అద్దం వెనుకనుండి నాయకుడు ఏదో అంటాడు. మాట వినబడదు; పెదవులు మాత్రం కదులుతాయి. బయట నిలిచిన నాయిక తన అరచేతిని అద్దంపై ఆనిస్తుంది. అదే ఆమె అంగీకారం. జగమెరిగిన ఘట్టం; మెట్లమీద దాన్ని గురించి చెప్పుకోవలసిన అవసరమే రాలేదు. ఈ హాలులోనే పెరిగిన పిల్లకు తెలియకుండా ఉంటుందా?

అతడు అద్దంమీద మెల్లగా తట్టాడు. ఆమె తిరిగింది. అతడు ఆ మాట అన్నాడు.

పెదవుల కదలిక ఆమె చూచింది. వెళ్ళివస్తానంటున్నాడనుకొన్నది. కంటినీరు కనబడనీయక నవ్వి, చెయ్యెత్తి ఊపింది. అంతలో కింద గంట మోగింది. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

చెయ్యి గాలిలో ఊగిందే కాని అద్దాన్ని తాకలేదు. అతడు తన సంచి భుజాన వేసుకొన్నాడు.

ఆ తరువాత టికెట్ల గదిలో ఇంటర్‌కమ్ మోగలేదు. యంత్రం పని మావయ్యే చూచుకొనేవాడు.

"ఇప్పుడు హీరో ఎలా చూశాడు మావయ్యా?"

"ఎలా చూస్తాడే? కళ్ళతో."

ఆమె మళ్ళీ అడగలేదు. సినిమా ఎలా ఉందని ఎవరైనా అడిగితే, "సగం బాగుందండీ," అనేది. టీ మాత్రం అలవాటు కొద్దీ మెట్లమీదనే తాగేది. పక్క మెట్టు ఖాళీగా, చల్లగా ఉండేది. ఫోన్ చేయాలని చెయ్యి పోయేది. వెళ్ళివస్తానంటే చేతులారా సాగనంపిన మనిషిని ఏమని పిలవడం?

నగరంలో అతనికి తెరే లేదు. చల్లని గదిలో మిణుకుమిణుకుమనే యంత్రాలకు కాపలా. అన్ని హాళ్ళకూ ఒకే మీట. సెలవునాడు టికెట్టు కొనుక్కుని సినిమాకు వెళ్ళి, పక్క కుర్చీలో ఎవరూ కూర్చోకుండా గొడుగు పెట్టేవాడు. తాను ఇన్నాళ్ళూ చూచిన నటుల గొంతులు తొలిసారి విన్నాడు. మెట్లమీద ఆమె అనుకరించి వినిపించిన గొంతులముందు అవన్నీ వెలవెలబోయాయి. సినిమా నడుమనే లేచి వచ్చేసేవాడు.

కొన్ని నెలలకు ఆ పాత చిత్రం మళ్ళీ వచ్చింది.

"మావయ్యా, ఈ ప్రింటు మార్చమనరాదూ? చివర్లో మాట ఆగిపోతుంది. నా చిన్నప్పట్నుంచీ ఇదే తంతు."

మావయ్య కళ్ళజోడు పైకి నెట్టాడు. "ఆగిపోవడమేంటే? అక్కడ మాటే లేదు. ఆ సీను కోసమే జనం వస్తారు. నువ్వెప్పుడూ చూళ్ళేదా?"

"ఎప్పుడు చూస్తాను? నన్ను ఈ గదిలో కూర్చోబెట్టింది మీరేగా!"

ఆయన కుర్చీ లాక్కున్నాడు. "నేనిక్కడ కూర్చుంటాలే. కాసేపు మిషను దానిపాటికది తిరుగుతుంది. పోవే పిచ్చితల్లీ, చూసి రా."

ఆమె చీకటిలో నిలబడి చూచింది. రైలు. అద్దం. కదిలే పెదవులు. హాలంతా ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం. ఆపై ఒక అరచేయి మెల్లగా లేచి అద్దాన్ని ఆనుకొన్నది.

తాను ఇన్నేళ్ళూ యంత్రదోషమనుకొన్న మౌనం అది. ఒకడు తనకోసం మరల పలికిన మౌనమూ అదే.

కిందికి వచ్చేసరికి ఆమె ముక్కు ఎర్రబడి ఉంది.

"ఏమే, ఏడ్చావా?"

"పడిశం మావయ్యా."

ఆయన నమ్మినట్లు తలూపి, తన ఫోన్ ఆమె ముందుకు జరిపి, టికెట్లు చింపడంలో మునిగిపోయాడు.

"ఆపరేటర్ గారూ, సినిమా విషయం ఒకటి అడగాలి."

అవతల ఊపిరి ఆగిన చప్పుడు ఆమె చెవి పట్టుకొన్నది. "అడగండి."

"రైలు కిటికీ వెనకాల హీరో ఏమంటాడు?"

"మీకు తెలీదా?"

"ఇన్నాళ్ళూ అక్కడ సౌండు పోయిందనుకున్నానండీ. ఇవాళే మొదటిసారి చూశాను."

"ఇవాళేనా? మరి ఆ రోజు మీరు చెయ్యి..."

"టాటా చెప్పాను! వెళ్ళొస్తానన్నారేమో అనుకుని! ఏం మనిషండీ మీరు? కళ్ళతో బతికేవాళ్ళకి చెప్పినట్టు చెవులతో బతికేదానికి చెప్తారా?"

మరునాడు మధ్యాహ్నం ఆట వదిలిన వేళ ఆమె బాల్కనీలోకి వచ్చింది. చివరి వరుస వెనుక అద్దంపై ఎవరో మెల్లగా తట్టారు.

అతడే. ప్రయాణపు దుమ్ము ఇంకా దులుపుకోలేదు. పెదవులు కదిలాయి.

ఆమె దగ్గరగా నడిచింది. అరచేతిని అద్దంపై ఆనించింది. అవతలినుండి మరొక అరచేయి వచ్చి దానికి సరిగా ఆనుకొన్నది.

అప్పుడామె గట్టిగా అన్నది: "వినపళ్ళేదు! బయటికొచ్చి చెప్పండి!"

మాట వినబడకున్నా ముఖం చూచి అతడు గ్రహించాడు. తలుపు తెరుచుకొన్నది, పాత సినిమాలో వలె మర్యాదగా. ఆమె చెవి వద్ద అతడు చెప్పవలసినది చెప్పాడు. ఈసారి వాన లేదు. వినబడలేదనడానికి ఆమెకు సాకూ లేదు.

మెట్లమీద దగ్గు వినబడింది. "ఏరా అబ్బాయ్, తిరిగి వచ్చేస్తావా?" మావయ్య పైకి వచ్చాడు. "వస్తానంటే ఆ స్పీకరు బాగుచేయిస్తా."

"స్పీకరొద్దండీ. నాకు వినిపించే మనిషి ఉంది."

మావయ్య ఇద్దరి తలలమీదా చేతులుంచాడు. వారిని రెండు కుర్చీల వైపు తోసి తానే యంత్రం గదిలోకి నడిచాడు. దీపాలారాయి. పేర్లు పడ్డాయి. శుభం కార్డు దాకా వారు లేవలేదు. సినిమా ఎలా ఉందో మాత్రం ఇద్దరిలో ఎవరూ చెప్పలేకపోయారు.

ఈ కథ చదివినవారికీ, చదువగా విన్నవారికీ, చెప్పదలచిన మాట చెప్పగల నోరును, దానిని వినగల మనసును ఆ సర్వసాక్షి ప్రసాదించుగాక. అద్దానికి ఆవల నిలిచిన వారందరికీ తలుపు తెరుచుకొనుగాక. శుభమస్తు.